ఖైదీకి ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రికి పంపాలో లేదో ఎవరు చెప్పాలి?

వేకువ: జైల్లో అర్ధరాత్రి ఎవరైనా గుండెలో నొప్పి అంటే, పంపాలా వద్దా అన్నది చాలాసార్లు ఆ పూట డ్యూటీలో ఉన్న గార్డు మీదే ఆధారపడుతోంది. అది డాక్టరో నర్సో మాత్రమే తేల్చాలని నా పట్టుదల. మీరేమంటారు?

పాత కాపలాదారు: నేను జైలు డ్యూటీ చేసినవాణ్ణి. బయటికి వెళ్లడానికి నొప్పి నటించేవాళ్లను చూశానండీ. రాత్రిపూట ఎస్కార్ట్‌గా ఇద్దరు వెళ్లిపోతే లోపల మిగిలేది కొద్దిమందే. ఖైదీ దారిలో తప్పించుకుంటే సంజాయిషీ అడిగేది మమ్మల్నే, డాక్టర్‌ని కాదు.

వేకువ: మీ టెన్షన్ నిజమే. కానీ నటనో కాదో ముఖం చూసి డాక్టర్ కూడా చెప్పలేరు. షుగర్ ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వికారం, చెమటలతోనే గుండెపోటు వస్తుంది. మొదటి ఈసీజీ మామూలుగానే ఉండొచ్చు. అందుకే కొన్ని గంటల తేడాతో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) రక్తపరీక్ష మళ్లీ చేస్తారు. బయట ఆసుపత్రికి వెళ్తే 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రమాణం. లోపల ఆ 10 నిమిషాలు తాళంచెవి వెతకడానికే సరిపోతాయి! రక్తనాళం మూసుకుపోయి ఉన్నంతసేపూ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది, అది మళ్లీ పెరగదు. అప్పుడప్పుడు ఒక ఎస్కార్ట్ వృథా అయితే కానివ్వండి.

ఖైదీలను ఎలా చూసుకోవాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 27వది కూడా ఇదే అంటుంది. వైద్య నిర్ణయాలు వైద్య సిబ్బందే తీసుకోవాలి, జైలు సిబ్బంది వాటిని కొట్టేయకూడదు.

శ్రావణి: రాత్రి నొప్పి దాకా ఎందుకు, అసలు చిక్కు మొదటి రోజే మొదలవుతుంది. లోపలికి వచ్చేటప్పుడు మందులన్నీ తీసేసుకుంటారు. గుండె రక్తనాళం తెరిచి ఉంచడానికి కొత్తగా స్టెంట్ వేయించుకున్న మనిషి, రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మాత్ర ఆపేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టొచ్చు. నాలుక కింద పెట్టుకునే మాత్ర సెల్లో లేకపోతే నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తాడు? శిక్ష వేసిన కోర్టు మందులు ఆపమని చెప్పలేదు కదా.

పాత కాపలాదారు: మందుల విషయంలో మీ మాటే సరైనదమ్మా. మేం తీసుకుని సంచిలో కట్టేసేవాళ్లం, ఏది ఎందుకో అడిగేవాళ్లం కాదు. పంపే విషయంలోనూ, డాక్టర్ ఫోన్లో "పంపండి" అన్నది రిజిస్టర్‌లో రాసుకునే వీలుంటే ఏ గార్డూ అడ్డుపడడు. కానీ రాత్రి షిఫ్టుకు అదనంగా మనుషుల్ని ఇవ్వాలన్న మాట మాత్రం నేను వదలను.