నియాండర్తల్‌లు మంచుయుగపు చలి దశల్లో మొక్కలు మానేశారా, మనకే ఆనవాళ్లు దొరకలేదా?

నమస్కారమండీ. పురావస్తు విషయాలు తెలిసినవాళ్లు ఒక సందేహం తీరుస్తారా?

ఫ్రాన్స్‌లోని కోంబ్ గ్రెనాల్ గుహ గురించి చదువుతున్నాను. అక్కడ నియాండర్తల్‌లు (అంతరించిపోయిన ఆదిమ మానవులు) ఉండేవారు. వెచ్చని కాలపు మట్టి పొరల్లో ఎర్ర జింక ఎముకలు ఎక్కువట, చలి ముదిరిన కాలపు పొరల్లో చలి ప్రాంతపు జింక రెయిన్‌డీర్‌వి ఎక్కువట. అడవి తగ్గి గడ్డి మైదానాలు పెరిగాక మందలు మారాయి, వాటితో వేటా మారింది. ఇంతవరకు బాగానే అర్థమైంది.

చిక్కల్లా మొక్కల దగ్గరే. ఎముక మిగులుతుంది గానీ దుంపా, గింజా మిగలవు కదా! ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన నియాండర్తల్ దంతాల మీది గారలో (గట్టిపడిన పాచిలో) ఉడికిన గింజల పిండిపదార్థం, ఖర్జూరం ఆనవాళ్లు కనిపించాయి. మరి చలి ప్రాంతాల్లో మొక్కల తిండి నిజంగానే తగ్గిందా? ఐసోటోప్ పరీక్షలు (ఎముకల్లోని మూలకాల రకాలను కొలిచి ఏం తిన్నారో అంచనా వేసేవి) మాంసం వైపే చూపిస్తున్నాయి, కానీ అవి ముఖ్యంగా ప్రోటీన్ లెక్కే చెబుతాయి. ఈ తేడా ఎలా పట్టుకుంటారు?

ఇంకొకటి. జర్మనీలోని నోయ్‌మార్క్ నోర్డ్‌లో సుమారు 1,25,000 ఏళ్ల కిందట, వెచ్చని కాలంలో, ఏకంగా ఏనుగుల్నే వేటాడారు. అంత మాంసం ఏం చేసుకున్నారు? ఎండబెట్టారా, పెద్ద గుంపుగా చేరి తిన్నారా? మా అబ్బాయి ఇదే అడిగితే నోరు వెళ్లబెట్టాను. కాస్త వివరంగా రాయండి.