అమ్మని తీసుకుని ట్రినిడాడ్ వెళ్తున్నాం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలండి?

కొబ్బరితోట, అమలాపురం:
మా అక్కా బావా వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో ఉంటారండి, జనవరిలో అక్కకి డెలివరీ, అందుకని నేనూ అమ్మా డిసెంబర్‌లో బయల్దేరుతున్నాం. అమ్మకి 64, షుగర్ ఉంది, విమానం ఎక్కడం ఇదే మొదలు. అక్కడ తుఫాన్లంట దొంగతనాలంట అని వీధిలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్తుంటే ఆవిడకి నిద్ర పట్టట్లేదు, 96 తుఫానుకి మా ఇంటి రేకులు లేచిపోవడం కళ్ళారా చూసిన మనిషి కదా. అక్కడ ఉండొచ్చినోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

నర్సాపురం రేవు:
నేను రెండేళ్ళు పనిచేశానండి అక్కడ. తుఫాన్లకి భయపడొద్దని అమ్మగారికి చెప్పండి, ట్రినిడాడ్ బాగా కింద వెనిజులా పక్కన ఉంటది, పెద్ద హరికేన్లు ఎక్కువగా పైనున్న దీవుల మీదకే పోతాయి, సీజన్ కూడా జూన్ నుంచి నవంబర్ దాకానే.

అసలు చూసుకోవాల్సింది ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ప్రమాదకరమైన జ్వరం) టీకా. వెళ్ళేటప్పుడు నన్ను ఎవరూ అడగలేదు, ఏజెంటు కూడా అక్కర్లేదన్నాడు. తీరా నాన్నకి బాలేదని పరుగెత్తుకొస్తే మన ఎయిర్‌పోర్టులో కార్డేదన్నారు, లేదంటే క్వారంటైన్‌లో పెట్టేశారు. అక్కడినుంచి బయల్దేరిన రోజు మొదలు 6 రోజులు లెక్క. తమ్ముడు క్యారేజీ పట్టుకుని గేటు బయటే నిలబడిపోయాడు, ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తది. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్కసారి వేయించుకుంటే కార్డు జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

కాకినాడ స్టాఫ్ నర్స్:
అమ్మగారి విషయంలో తొందరపడకండి. అది బలహీనపరిచిన వైరస్‌తో చేసే టీకా, 60 దాటినోళ్ళు మొదటిసారి వేయించుకుంటే రిస్క్ కొంచెం ఎక్కువ, గుడ్డు పడనోళ్ళు కూడా ముందే చెప్పాలి. డాక్టర్ వద్దంటే లెటర్ రాయించుకోండి, అయినా క్వారంటైన్ తప్పుతుందని గ్యారంటీ లేదు, తిరుగు ప్రయాణంలో ఆ 6 రోజులు కలుపుకునే ప్లాన్ చేసుకోండి. షుగర్ మందులు చీటీతో సహా చేతి బ్యాగులోనే ఉండాలి. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది, కడుపులో బిడ్డకి హాని చేసే జీకా వైరస్ కూడా దాంతోనే వస్తుంది, కడుపుతో ఉన్న మీ అక్కకి దోమల క్రీము మర్చిపోవద్దని చెప్పండి. జ్వరమొస్తే పారాసెటమాల్ ఒక్కటే, బ్రూఫెన్ ఆస్పిరిన్ వద్దు.

నర్సాపురం రేవు:
దొంగతనాల మాట నిజమేనండి, గ్యాంగుల గొడవలతో 2024 డిసెంబర్‌లో ఎమర్జెన్సీ కూడా పెట్టారు. చీకటి పడ్డాక రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో నడవొద్దు, అమ్మగారి గొలుసు ఇంటిదగ్గరే ఉంచేయండి. పోలీసుకి 999, అంబులెన్స్‌కి 811. మిలటరీ డిజైన్ బట్టలు అక్కడ చట్టప్రకారం నిషేధం, పెట్టెలో ఉంటే తీసేయండి. మరకాస్ బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి, జెండాల మధ్యే దిగండి.

కొబ్బరితోట:
చాలా థాంక్సండి. ఏజెంటు మాకూ టీకా అక్కర్లేదనే చెప్పాడు! సోమవారం అమ్మని షుగర్ డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తున్నా, అది తేలాకే టికెట్లు.