స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో (వృద్ధులను, రోగులను ఉంచి నర్సులు చూసుకునే కేంద్రంలో) రాత్రంతా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) ఉండాలా, ఎల్‌పీఎన్ (తక్కువ చదువుతో లైసెన్సు పొందిన ప్రాక్టికల్ నర్సు) సరిపోతుందా?

మంజీర:
అమెరికాలో ఫెడరల్ రూలు ప్రకారం ఆర్‌ఎన్ రోజుకు వరుసగా 8 గంటలు, వారానికి 7 రోజులు ఉంటే చాలు. మిగతా వేళ ఎల్‌పీఎన్‌తో నడిపేయొచ్చు. 24 గంటలూ ఆర్‌ఎన్ ఉండాలని, ఒక్కో రెసిడెంట్‌కు (అక్కడ ఉంటున్నవారికి) రోజుకు 3.48 గంటల నర్సింగ్ అందాలని, అందులో ఆర్‌ఎన్ వాటా 0.55 గంట ఉండాలని 2024 మేలో సీఎంఎస్ (మెడికేర్, మెడికెయిడ్ చూసే ఫెడరల్ సంస్థ) రూలు తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ 24 గంటల మాట నిలవాల్సిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

గోదారి:
60 మంది ఉన్న చోట 0.55 అంటే రోజుకు 33 ఆర్‌ఎన్ గంటలు, ఎనిమిది గంటల షిఫ్టులు నాలుగు దాటతాయి. చిన్న ఊళ్లలో అంతమంది దొరకరు. నర్సులను తాత్కాలికంగా పంపే ఏజెన్సీ నుంచి తెస్తే ఆ నర్సుకు ఎవరు మాత్ర మింగలేరో కూడా తెలియదు. రాత్రి పనిలో ఎక్కువ భాగం ట్యూబ్ ఫీడ్, బ్రీఫ్ (పెద్దల డైపర్) మార్చడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. ఆ డబ్బుతో ఇంకో సీఎన్‌ఏను (నర్సింగ్ సహాయకురాలిని) పెడితే బెడ్‌సోర్లయినా (పడుకుని ఉండటంతో వచ్చే పుండ్లయినా) తగ్గుతాయి.

మంజీర:
సీఎన్‌ఏలు కావాలి, ఒప్పుకుంటాను. కానీ రాత్రి 2 గంటలకు ఎలిక్విస్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడే పెద్దావిడ బాత్రూమ్ దగ్గర పడిందనుకోండి. ఎవరూ చూడలేదు, "తలకు తగల్లేదమ్మా" అంటుంది. ఎవరూ చూడకుండా పడితే తలకు తగిలిందనే లెక్క. లేపేముందు కాళ్లు చూడాలి: ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనుకుని కదపకూడదు. తర్వాత న్యూరో చెక్‌లు (స్పృహ, కంటిపాపలు, చేతుల-కాళ్ల బలం చూడటం), చాలాచోట్ల మొదటి గంట 15 నిమిషాలకోసారి. ఎల్‌పీఎన్ ఇవన్నీ చూసి రాయగలరు. పూర్తి అసెస్‌మెంట్ చేసి దాని అర్థం తేల్చే బాధ్యత మాత్రం చాలా రాష్ట్రాల్లో ఆర్‌ఎన్‌దే. మొదటి రెండు చెక్‌లు బాగుండి, తెల్లవారుజామున మత్తు కమ్మితే "నిద్రపోతోంది" అని వదిలేస్తారు. లోపల రక్తస్రావం పెరిగేది ఆ గంటల్లోనే.

గోదారి:
దానికి ఆన్‌కాల్ ఆర్‌ఎన్ (ఫోన్ చేస్తే పలికే నర్సు) ఉంటారు కదండీ?

ఐవీ స్టాండ్:
ఫోన్‌లో వినిపించేది చార్టులో రాసిన అంకెలే. శ్వాస నిమిషం పాటు లెక్కపెట్టకుండా అందరికీ 18 అని రాసే అలవాటు చాలా చోట్ల ఉంది. రోజూ 140 ఉండే బీపీ 104కి వచ్చి, మనిషి తికమకగా మాట్లాడుతూ, శ్వాస నిజంగా 26 ఉంటే అది సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒంటినంతా దెబ్బతీసే ప్రమాద స్థితి) కావచ్చు. ఆ 26 చార్టులోకి ఎక్కకపోతే ఆన్‌కాల్‌లో ఎవరున్నా "పొద్దున చూద్దాం" అంటారు. పైగా శుక్రవారం సాయంత్రం పిక్ లైన్‌తో (చేతి నరం గుండా గుండె దగ్గరి వరకు వేసే గొట్టం, ఒక రకం సెంట్రల్ లైన్), ఐవీ యాంటీబయాటిక్‌తో ఆసుపత్రి నుంచి వచ్చేవాళ్ల సంగతేంటి? సెంట్రల్ లైన్ పని ఎల్‌పీఎన్ ఎంతవరకు చేయొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

గోదారి:
సరే, ఐవీలు, ట్రాకియాస్టమీలు (గొంతులో శ్వాసగొట్టం ఉన్నవాళ్లు), కొత్త అడ్మిషన్లు ఉన్న రాత్రులకు తప్పనిసరి చేయండి. అన్ని రాత్రులకూ ఎందుకు?

మంజీర:
పడిపోవడం ముందే చెప్పి రాదు కదండీ. ఇక్కడికి కొత్తగా వస్తున్న మన నర్సులు సంతకం పెట్టేముందు ఇవి అడగండి: రాత్రి నా కింద ఎంతమంది రెసిడెంట్లు? బిల్డింగ్ మొత్తానికి ఆర్‌ఎన్‌ని నేనొక్కదాన్నేనా? ఐవీలు ఎన్ని నడుస్తుంటాయి? జవాబు నోటిమాటగా కాదు, ఈమెయిల్‌లో తీసుకోండి.