అప్‌డేట్: మేడ మీద పోర్షన్, ఎండాకాలం కరెంటు బిల్లు

హైదరాబాద్‌లో పై అంతస్తులో ఉంటున్నాం, రాత్రంతా ఏసీ ఆగడం లేదు, బిల్లు తగ్గే దారి చెప్పండని ఏప్రిల్‌లో అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అన్నిటికంటే బాగా పనిచేసింది డాబా మీద సున్నం. ఫెవికాల్ కలిపి రెండుసార్లు పూశాం. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కేది, ఏసీ దానితోనే కుస్తీ పట్టేది. ఇప్పుడు గది త్వరగా చల్లబడుతోంది, కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతోంది. మొదట మొహం చిట్లించిన ఓనరుగారే ఇప్పుడు పక్కింటివాళ్లకి చెబుతున్నారు!

ఏసీ 26లో పెట్టి ఫ్యాను వేస్తున్నాం. పాత ఫ్యాను 75 వాట్లు లాగేది, తక్కువ కరెంటు తినే మోటారుండే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర తిరుగుతుంది. ధర ఎక్కువే, అందుకే రోజంతా తిరిగే హాల్లోది మాత్రం మార్చాం. పగలు కూలరే. పొడి ఎండలో భేషుగ్గా ఉంది గానీ, మబ్బు పట్టిన రోజు ఒళ్లంతా జిడ్డే. కోస్తా వాళ్లు కొనేముందు ఆలోచించండి.

వాడిన యూనిట్లు తగ్గి, బిల్లు ఎక్కువ రేటుండే టారిఫ్ శ్లాబు నుంచి కింది శ్లాబుకి దిగింది. సున్నం వానలకి ఎంతవరకు నిలుస్తుందో, ఎండని వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింటే నయమో, వేయించినవాళ్లు చెప్పగలరా?