వాట్సాప్‌లో తిరిగే బ్రహ్మానందం బొమ్మల తొలి కాపీ ఎక్కడ దొరుకుతుంది?

విశాఖ గ్రూపుల్లో వాదన మధ్యలో విసిరే రియాక్షన్ బొమ్మల పుట్టుక వెతుకుతున్నాం. వెకిలిగా నవ్వే కార్టూన్ ముఖం ట్రోల్‌ఫేస్‌కి దారి దొరుకుతుంది: 2008లో బొమ్మలు పంచుకునే సైటు డీవియంట్‌ఆర్ట్‌లో పెట్టారు, అక్కణ్ణుంచి పేరు చెప్పకుండా రాసుకునే చర్చా సైటు ఫోర్‌చాన్‌కి పాకి చర్చలు చెడగొట్టడానికి పనికొచ్చింది. అక్కడ థ్రెడ్లు చెరిగిపోతాయి, అయినా ఆర్కైవుల్లో ఎండీ5 హ్యాష్‌తో (ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్) అదే ఫైలు పట్టుకోవచ్చు.

మన బొమ్మలతోనే చిక్కు. ఫొటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, ఫొటో తీసిన వివరాలుండే ఎగ్జిఫ్‌లోని తేదీ పోతుంది. ఒక్క పిక్సెల్ మారినా ఎండీ5 వేరే. బొమ్మ రూపాన్ని బట్టి లెక్కగట్టే 64 బిట్ల పీహ్యాష్‌తో, 10 బిట్ల లోపు తేడా ఉన్నవి ఒకచోట చేరుస్తున్నాం. బొమ్మ మీద పెద్ద తెలుగు అక్షరాలుంటే అదీ తప్పుతోంది. ముఖం వరకే కత్తిరించి పోల్చడం నయమనిపిస్తోంది. ఇంతకంటే మంచి పద్ధతి ఉందా?

గాజువాక, మద్దిలపాలెం వైపు ఎవరి పాత మెమరీ కార్డుల్లోనైనా ఇవి ఉంటే దయచేసి చెప్పండి. స్క్రీన్‌షాట్ వద్దండీ, అసలు ఫైలునే డాక్యుమెంటుగా పంపండి.