‘థ్రెషోల్డ్’ ఎపిసోడ్ నిజంగా అంత చెత్తా? నేను ఒప్పుకోను

కొల్లేటిపక్షి:
అంతరిక్ష ఓడల మీద వచ్చిన అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్ వాయేజర్ రెండో సీజన్‌లో ‘థ్రెషోల్డ్’ పేరెత్తితే చాలు, అందరూ మొహం చిట్లిస్తారు. 1996 జనవరిలో వచ్చింది. రాసిన బ్రానన్ బ్రాగా కూడా బాగా రాలేదని తర్వాత ఒప్పుకున్నాడు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, భూమికి 75 ఏళ్ళ ప్రయాణం దూరంలో ఇరుక్కుపోయిన ఓడ అది. దాని పైలట్ టామ్ పారిస్ వార్ప్ 10, అంటే అంతులేని వేగం, అందుకున్న మొదటి మనిషవుతాడు. తిరిగొచ్చాక ఒళ్ళు మారిపోవడం మొదలై, కెప్టెన్ జేన్‌వేని ఎత్తుకుపోతాడు, ఇద్దరూ బురదలో పాకే ఉభయచరాలై పిల్లల్ని కంటారు, ఆ తర్వాత డాక్టర్ మళ్ళీ మనుషుల్ని చేస్తాడు. అందరికీ ఆ బురదే గుర్తు.

నేను మొన్న మళ్ళీ చూశా. బయల్దేరే ముందు కెప్టెన్ వచ్చి, నీకు మెదడులో రక్తస్రావం అయ్యే ఛాన్స్ 2 శాతం ఉందంట, నువ్వొద్దు, నీ బదులు హ్యారీ (ఓడలో ఇంకో ఆఫీసర్) వెళ్తాడు అంటుంది. అప్పుడు పారిస్, చిన్నప్పుడు వీడు గొప్ప పని చేస్తాడని నాన్న అనేవాడు, బళ్ళో అందరూ అనేవాళ్ళు, అది జరగలేదు, ఈ ఒక్కటీ నన్ను చెయ్యనివ్వు అని అడుగుతాడు. ఈ మనిషి వల్ల అంతకుముందు ముగ్గురు చచ్చిపోయారు, అబద్ధం చెప్పి తర్వాత తనే ఒప్పుకున్నాడు, జైలుకెళ్ళాడు, తండ్రేమో అడ్మిరల్. ఇవన్నీ గుర్తుపెట్టుకుని ఆ సీన్ చూడండి.

వార్ప్‌9:
మందు దొరికాక మళ్ళీ వార్ప్ 10లో ఇంటికెళ్ళిపోయి, అక్కడ అందరికీ వైద్యం చేస్తే సరిపోయేది కదా. దీనికి జవాబుందా? లేదు. అయిపోయింది.

జువాలజీ_సార్:
నేను ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి పాఠం చెప్తున్నాను, అందుకే ఈ ఎపిసోడ్ నన్ను గుచ్చుతుంది. పారిస్‌కి జరిగింది మానవజాతి భవిష్యత్తులో జరగబోయే పరిణామమేనని, అది వేగంగా జరిగిపోయిందని డాక్టర్ చేత చెప్పిస్తారు. పరిణామం ఒక మనిషి ఒంట్లో జరగదండీ. తరాల తరబడి జనాభాలో జరుగుతుంది, పరిసరాలకి తట్టుకున్నవి మిగుల్తాయి. రేపు మనం ఏమవుతామో ముందే మన డీఎన్‌ఏలో రాసిపెట్టి ఉండదు. ప్రతి సంవత్సరం ఒక పిల్లాడైనా లేచి “సార్, మనిషి తర్వాత ఏంటి?” అని అడుగుతాడు, ఎక్కడ విన్నావురా అంటే టీవీ అంటాడు. పైగా ఇదే రచయిత 1994లో ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ నెక్స్ట్ జనరేషన్‌కి ‘జెనెసిస్’ ఎపిసోడ్ రాసి సిబ్బందినంతా జంతువుల్ని చేశాడు. ఒకసారి చేస్తే పొరపాటు అనుకోవచ్చు, రెండోసారి?

కొల్లేటిపక్షి:
సార్, మనిషి ముందుకెళ్తే పెద్ద తలకాయతో దేవుడిలా అవుతాడని సినిమాలన్నీ చూపిస్తాయి. ఇక్కడ బురదలో పాకే ప్రాణి అవుతాడు. మీరు క్లాసులో చెప్పే మాటకి ఇదే దగ్గర కదా, పరిణామం అంటే మెట్లెక్కడం కాదని?

జువాలజీ_సార్:
మెట్లు పైకి కాకుండా కిందికి పెట్టారు, అంతే తేడా. మెట్లైతే ఉన్నాయిగా.

బెజవాడబ్రిడ్జి:
మేకప్‌కి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) వచ్చింది దీనికి, అదైనా ఒప్పుకోండి. నాలుక ఊడొచ్చే సీన్ చూసి ఆ రాత్రి అన్నం తినలేకపోయా.

వార్ప్‌9:
నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మందు ఉంది, షటిల్ ఉంది, ఇల్లు 75 ఏళ్ళ దూరంలో ఉంది. ఎందుకు వెళ్ళలేదు?

కొల్లేటిపక్షి:
వార్ప్‌9 బ్రో, నీ ప్రశ్నకి జవాబు లేదు, ఒప్పుకున్నా, ఇక వదిలెయ్. సార్‌కి ఒక్క మాట చెప్తా. ఇంటర్ అయ్యాక ఫ్లయింగ్ ట్రైనింగ్‌కి సెలెక్ట్ అయ్యా. మెడికల్‌లో రంగుల చుక్కల పుస్తకం పెట్టారు, ఆకుపచ్చ చుక్కల మధ్య అంకె ఎంతో చెప్పమన్నారు, నాకు అక్కడ అంకే కనపడలేదు. టేబుల్ అవతల ఆయన తల కూడా ఎత్తకుండా ఫైల్ మూసేశాడు. మా నాన్న అప్పటికే ఊరంతా చెప్పేసుకున్నాడు మావాడు పైలట్ అని. పారిస్‌ని కూడా 2 శాతం అని ఆపబోయి, అతను అడిగితే ఆవిడ సరే అంటుంది చూడండి, అది నాకు ఎవరూ అనలేదు. మీరు డీఎన్‌ఏ పాఠం చెప్పి ఆ సీన్‌ని కొట్టిపారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

జువాలజీ_సార్:
మీకు జరిగింది విని బాధపడ్డాను, నిజంగానే. కానీ మీ కష్టం తెచ్చి ఎపిసోడ్ మీద కప్పితే ఎపిసోడ్ బాగుపడదు. మీరు మొదటి సగం గురించే మాట్లాడుతున్నారు, రెండో సగం ఎవరిది?

కొల్లేటిపక్షి:
మొదటి సగం బాగుందని ఒక్కసారి ఒప్పుకోవడానికి మీకేం పోయింది సార్? పాఠాలు చెప్పి చెప్పి ఎదుటివాడి మాట వినడం మానేశారు మీరు.

జువాలజీ_సార్:
మర్యాదగా మాట్లాడండి.

సౌమ్య_డాలస్:
ఇద్దరూ ఆగండి. ఇంతసేపు వాదించుకున్నారు, ఆ పిల్లల సంగతి ఒక్కరైనా ఎత్తారా? ఓడలో ఆఫీసర్లు టువాక్, చకోటే ఒక గ్రహం మీద పారిస్, జేన్‌వేలిద్దర్నీ కనిపెడతారు, పక్కనే మూడు కూనలు ఉంటాయి. దీన్ని లాగ్‌లో, అంటే ఓడ డైరీలో, ఎలా రాయాలో అని చకోటే ఇబ్బంది పడతాడు, కూనల్ని అక్కడే వదిలేసి వస్తారు. చివర్లో సిక్‌బేలో (ఓడలోని ఆస్పత్రి) పక్కపక్క మంచాల మీద లేచాక, పిల్లల్ని కనాలని ఎప్పుడైనా అనుకున్నానేమో గానీ నీతో అనుకోలేదు అని కెప్టెన్ చిన్నగా నవ్వుతుంది. అవి ఏమయ్యాయని కన్నవాళ్ళిద్దరిలో ఒక్కరూ అడగరు.

నన్ను తొమ్మిది నెలలప్పుడు అమ్మమ్మ దగ్గర వదిలేసి మా అమ్మానాన్న అమెరికా వచ్చారు. నాలుగేళ్ళకి తీసుకొచ్చారు. ఎయిర్‌పోర్ట్‌లో మా అమ్మని ఆంటీ అని పిలిచానంట, ఇప్పటికీ ఆ మాట చెప్పి ఇంట్లో అందరూ నవ్వుతారు. వాళ్ళ కష్టం నాకు తెలుసు, ఎందుకు వదిలారో తెలుసు, కానీ ఆ నవ్వు మాత్రం నేను భరించలేను. నాకు వార్ప్ 10 వద్దు, డీఎన్‌ఏ వద్దు. వదిలేసొచ్చి నవ్వుకున్నారు, నేను ఈ ఎపిసోడ్‌ని క్షమించనిది దానికే.

వార్ప్‌9:
ఇది నాకు తట్టనే లేదు.

కొల్లేటిపక్షి:
సౌమ్య గారూ, అవి మనుషులు కాదు కదండీ, ఓడలోకి తెచ్చి ఏం చేస్తారు? వాటికి అక్కడే బాగుంటుంది.

సౌమ్య_డాలస్:
మా ఇంట్లోనూ అదే అన్నారు, “నీకక్కడే బాగుండేది” అని. పారిస్ వాళ్ళ నాన్న అన్న మాట పారిస్‌ని ఎంత కోసిందో మీకు ఇరవై నిమిషాలూ కనపడింది. అదే పారిస్ తండ్రైతే మీకు కనపడలేదా?

జువాలజీ_సార్:
అమ్మా, నేను ఇన్నేళ్ళూ సైన్స్ తప్పు దగ్గరే ఆగిపోయాను. కొల్లేటిపక్షి గారూ, నిన్న మాట కాస్త గట్టిగా అన్నాను, ఏమీ అనుకోకండి. ఆ 2 శాతం సీన్ బాగుంది. నటుడు బాగా చేశాడు.

కొల్లేటిపక్షి:
నాదీ తప్పే సార్. ఆఖరి సీన్ మళ్ళీ పెట్టుకుని చూశా. కెప్టెన్ నీకు ప్రశంసాపత్రం సిఫార్సు చేస్తానంటుంది, ఎదుటివాళ్ళ అభిప్రాయం కాదు నా గురించి నేనేమనుకుంటానో అదే ముఖ్యం అన్నట్టు పారిస్ అంటాడు. ఇన్నాళ్ళూ ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చేవి. మొదటి సగం మీద నా మాట మార్చుకోను. కానీ సౌమ్య గారు చెప్పాక ఈసారి అతను ఆ మాట అంటుంటే, అడుగు, ఇప్పుడైనా అడుగు అని స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నా. అడగలేదు.