అందరూ కొనే .30-06 ఉండగా 9.3×62 ఎందుకు? షోకా, అవసరమా?

సిరోంచ రైతుబిడ్డ
మా మేనబావ స్వీడన్‌లో ఉద్యోగం చేస్తాడు. అక్కడ వేట పరీక్ష పాసై లైసెన్సు తీసుకుని మొన్న రైఫిల్ కొన్నాడు. అందరూ వాడే .30-06 కాదు, 6.5×55 కూడా కాదు (ఈ అంకెలన్నీ తూటా రకాల పేర్లే). 9.3×62 మౌజర్ అట, 1905 నాటి తూటా. ఎందుకురా బాబూ అంటే, "మూస్ మన కణుజు జాతే గానీ ఎద్దు కన్నా ఎత్తు బావా" అంటాడు. అదే మూస్‌ని అక్కడివాళ్లు 6.5తో ఏళ్లకేళ్లుగా కొడుతూనే ఉన్నారు కదా అంటే వినడు. నా లెక్కలో ఇది పక్కా షోకు. మీరేమంటారు? మన దగ్గర వేట 1972 నుంచి బంద్ అని నాకూ తెలుసు, దయచేసి ఆ క్లాసు పీకకండి.

పర్లాకిమిడి మాస్టారు
షోకు అనేయడం తేలిక తమ్ముడూ. ఆ తూటా ఎవరి కోసం పుట్టిందో చూడు. ఆఫ్రికాలో జర్మన్ వలసలకు వెళ్లి పొలాలు పెట్టుకున్నవాళ్ల కోసం బెర్లిన్‌లో ఒట్టో బాక్ అనే తుపాకుల తయారీదారు దీన్ని చేశాడు. వాళ్ల పొలాల మీద ఏనుగులు, అడవిదున్నలు పడేవి. రెండు గొట్టాల ఇంగ్లీషు డబుల్ రైఫిల్ కొనాలంటే ఆస్తులమ్ముకోవాలి. చవగ్గా దొరికేది మామూలు మౌజర్ 98 రైఫిల్. దాంట్లోనే పెద్ద గుండు ఎలా పట్టించాలన్నది అతని సమస్య.

కిటుకంతా పొడవులో ఉంది. .375 హాలండ్ అండ్ హాలండ్ తూటా మొత్తం పొడవు 91 మిల్లీమీటర్లు దాటుతుంది. దానికి పొడవాటి మాగ్నం యాక్షన్ (తూటాని గొట్టంలోకి ఎక్కించే యంత్రభాగం) కావాలి, అంటే ఖరీదూ బరువూ రెండూ పెరుగుతాయి. 9.3×62 పొడవు 84 లోపే, ఇంచుమించు .30-06 అంతే. మామూలు మ్యాగజైన్‌లో ఇట్టే పడుతుంది. గుండు 18.5 గ్రాములు, వేగం సెకనుకు 720 మీటర్ల దరిదాపు. .30-06లో 11.7 గ్రాముల గుండు 820 మీటర్లతో పోతుంది. శక్తి చూస్తే .30-06కి సుమారు 3,900 జౌల్స్, 9.3కి 4,800, .375కి 5,700.

ఇంకో లెక్క కూడా ఉంది. గుండు అడ్డకొలతకు బరువెంత అన్నది, అంటే కండలోకి ఎంత లోతుకు దిగగలదు అన్నదానికి ఒక కొలమానం. ఈ 18.5 గ్రాముల 9.3 గుండుకీ, .375లో వాడే 19.4 గ్రాముల గుండుకీ అది ఒక్కటే, .305. దాదాపు ఆ పని చేస్తూ, భుజానికి తన్ను తక్కువ, రైఫిల్ తేలిక. మీ బావ తెలివిగానే కొన్నాడు.

సిరోంచ రైతుబిడ్డ
మాస్టారూ, అదే లెక్క 6.5×55కి వేసి చూడండి. 10.1 గ్రాముల గుండుకి .320 వస్తుంది. మీ 9.3 కన్నా ఎక్కువ! జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది .275 రిగ్బీతో. అదీ చిన్న గుండే.

పర్లాకిమిడి మాస్టారు
చిరుతను మూస్ పక్కన పెట్టకు. లోతు సమానమే అనుకుందాం, వెడల్పు సంగతేంటి? గుండు విచ్చుకోకముందే 9.3 చేసే రంధ్రం విస్తీర్ణం 6.5 దానికి రెట్టింపుకు దగ్గర. దెబ్బ తిన్న జంతువు పొదల్లోకి పరుగెత్తితే జాడ పట్టాలంటే రక్తం కారాలి. వేగం తక్కువ కాబట్టి మాంసం పాడయ్యేదీ తక్కువే.

రాయగడ కుర్రాడు
అసలు పాయింటు మర్చిపోయారు. బరువు గుండు కొమ్మా రెమ్మా చీల్చుకుని తిన్నగా పోతుంది. అడవిలో వేటకి మీడియం బోర్ (మధ్యరకం గొట్టం వెడల్పు) ఎంచుకునేది అందుకే కదా?

బళ్లార్షా డిపో
ఆ మాట పాతకాలం నుంచి వస్తున్నదే, కానీ నిజం కాదు తమ్ముడూ. పుల్లలు, కర్రలు అడ్డం పెట్టి కాల్చి చూసిన ప్రతిచోటా అన్ని గుళ్లూ దారి తప్పాయి, లావువీ సన్నవీ కూడా. వెదురు కణుపుకి తగిలాక ఏ గుండు ఎటు పోతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఖాళీ కనబడేదాకా ఆగాలి, అంతే. అది నమ్మి పొద మీద కాల్చేవాడి పక్కన నేనైతే నిలబడను.

బరంపురం లాయర్
అందరూ గుండు చుట్టే తిరుగుతున్నారు. అరుదైన బోర్ ఎంచుకోవడానికి మన దేశంలో అసలు కారణం చట్టం. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోర్, .303 బోర్ రైఫిళ్లను ఇక్కడ నిషేధించింది. ఆ మందుగుండు తిరుగుబాటుదారుల చేతిలోని మార్టిని-హెన్రీ, లీ రైఫిళ్లకు పనికొస్తుందని భయం. వెంటనే ఇంగ్లీషు కంపెనీలు .465, .470, .475 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. జంతువు మారలేదు, అడవి మారలేదు, కాగితం మారింది.

ఇప్పటికీ అంతే. .303, 7.62 నిషిద్ధ బోర్లు. .315కి, .30-06కి లైసెన్సు దొరుకుతుంది. ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత మనిషికి మూడు ఆయుధాలు పోయి రెండే మిగిలాయి. ఉన్న రెంటిలో ఒకటి ఎక్కడా తూటా దొరకని బోర్ అయితే అది గోడకి వేలాడదీసుకోవడానికే. మా వైపు పాత జమీందారీ ఇళ్లలో అలాంటివి చూశాను. రైఫిల్ నిగనిగలాడుతూ ఉంటుంది, గుడ్డసంచిలో మిగిలిన నాలుగు తూటాలకి పచ్చటి చిలుము పట్టి ఉంటుంది.

బళ్లార్షా డిపో
లాయరుగారు తూటాల మాట ఎత్తారు కాబట్టి: ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ చాందా మా జిల్లాలోనే భద్రావతిలో ఉంది, కానీ అక్కడ చేసేది ఫిరంగి గుళ్లు. మనకి ఒరిగేదేం లేదు.

ఇంకోటి, మన .315ని తీసిపారేయకండి. ఆస్ట్రియా వాళ్ల పాత 8×50 మాన్‌లిషర్ తూటాయే అది. మొన గుండ్రంగా ఉంటుంది, కొసన సీసం బూడిదరంగులో బయటికి కనబడుతుంది, అడుగున అంచు. మ్యాగజైన్‌లో ఎక్కించేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండాలి, లేకపోతే సరిగ్గా పంది ఎదురొచ్చినప్పుడే ఇరుక్కుంటుంది. 15.8 గ్రాముల గుండు. మాస్టారి కొలమానం వేస్తే .334, ఈ చర్చలో చెప్పుకున్న అన్నిటికన్నా ఎక్కువ. వేగం తక్కువ, దూరం కొట్టలేదు. పత్తిచేలో రాత్రిపూట అధికారి అనుమతి కాగితం జేబులో పెట్టుకుని పంది కోసం కూర్చునేవాడికి దూరంతో పనేముంది?

రాయగడ కుర్రాడు
అయితే స్వీడన్ బావకి కూడా .315 పంపేద్దామా 😄

పర్లాకిమిడి మాస్టారు
నవ్వులాటకి అన్నా, అక్కడ లెక్క వేరు బాబూ. స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీల్లో 9.3 అరుదు కాదు, తూటాలు దుకాణాల్లోనే దొరుకుతాయి. ఇక్కడ వింతగా కనబడేది అక్కడ మామూలే. అదే బావ అమెరికాలో ఉంటే ఈ కొలతకి దగ్గరగా .35 వీలెన్ తీసుకునేవాడు. .30-06 ఖోకానే (తూటా ఇత్తడి గొట్టాన్నే) మెడ వెడల్పు చేసి 1922లో చేసింది అది. ఇన్నాళ్లు ఇళ్లలోనే తయారు చేసుకుంటూ ఉంటే, రెమింగ్టన్ 1980ల చివర్లో గానీ ఫ్యాక్టరీ తూటాగా తేలేదు.

సిరోంచ రైతుబిడ్డ
సరే, దొరుకుతుందనే మాట ఒప్పుకుంటాను. కానీ ఒకటి చెప్పండి. బావ నిలబడే చోటు నరికేసిన అడవి, రెండొందల యాభై మీటర్ల దాకా బోడిగా ఉంటుందట. అంత దూరంలో ఈ బరువు గుండు కిందికి దిగిపోదా?

పర్లాకిమిడి మాస్టారు
దిగుతుంది. .30-06 కన్నా బాగానే దిగుతుంది. కుక్కలు మూస్‌ని తరుముకొచ్చే దట్టమైన చోట నిలబడితే 9.3, బోడి మైదానమే అయితే నేనూ .30-06 అనే చెబుతాను. స్కోపు ఎంత దూరానికి సెట్ చేశాడో ముందు అది అడుగు. నూరు మీటర్లకా, నూటయాభైకా?

సిరోంచ రైతుబిడ్డ
అడిగాను. "ఇంకా రేంజికే పోలేదు బావా, మంచు తగ్గాక చూద్దాం" అన్నాడు. ఇప్పుడు చెప్పండి, షోకు కాక ఏంటిది?